పిల్లల సైజు చేతి తొడుగులు

మిరప చేలల్లో కోతకు వెళ్లే ఆడపిల్లల్ని బడిలో చేర్పించండని నందిగామలోని ఒక సేవా సంఘాన్ని రెండు నెలలుగా బతిమాలుతున్నాను. ఈ రోజు ఆ సంఘం అధ్యక్షుడు స్వయంగా మా ఊరి చేలోకి వచ్చి, పదేళ్ల నాగమణికీ మిగతా పిల్లలకీ చేతులు మండకుండా రబ్బరు తొడుగులు పంచిపెట్టాడు. చేను గల రైతు చప్పట్లు కొట్టాడు.

“సైజు సరిగ్గా సరిపోతాయమ్మా. మా మనవరాలి చేతికి తొడిగి చూసే కొనుక్కొచ్చా,” అన్నాడు అధ్యక్షుడు నాతో గర్వంగా.

“మీ మనవరాలు ఏ చేలో కోస్తోందండీ?” అని అడిగాను.

“భలేదానివమ్మా! దానికి బడి లేదూ?” అని నవ్వాడు.

నాగమణి తొడుగులు వేసుకుని మళ్లీ కోతకు వెళ్లిపోయింది.

మా ఇంట్లో బడికి వెళ్లిన మొదటిదాన్ని నేనే. ఇంత దయగల సంఘం నా చిన్నప్పుడు మా ఊరికి రాలేదు కనుక బతికిపోయాను. మీరేమంటారు?