పదిహేడో నంబరు బిళ్ల

ఏడు మరలు ఇప్పిన. ఎనిమిదోది రాకుంట సతాయిస్తాంది. వాచ్‌మన్ యాదయ్య మామ నా ఎనుకాల టార్చిలైటు పట్టుకొని, "పిచ్చిలేసిందా బిడ్డా? సారు సీలేసిన మూత అది, నీ కొలువు పోతది" అంటున్నడు. గాలిమోటరు, అదే విమానం, దాని రెక్క కింది మూత. లోపటికెల్లి టక్కు టక్కుమని సప్పుడొస్తాంది. పట్టపగలు, పన్నెండున్నర.

దయ్యాలంటే నాకు నవ్వు. మా అవ్వ కథలు చెప్తుంటె బుక్క గొంతుల పడేదాంక నవ్వేదాన్ని. ఇప్పటికి గూడ నమ్ముతున్న అని చెప్పను. అయ్యింది అయ్యినట్టు చెప్త.

నేను పది దాంకనే సదివిన. నల్లగొండ పక్కన గాలిమోటర్ల రిపేరు నేర్పే కాలేజీ ఉండె, అండ్ల సామాన్ల అర్ర సూసుకునే కొలువు నాది. ఎగరని పాత గాలిమోటరొకటి షెడ్డుల వెట్టి పిల్లలతోని ఇప్పిస్తరు, బిగిపిస్తరు. నా అర్రల గోడకు పెద్ద పలక. ఏ పానా జాగల ఆ పానా బొమ్మ నల్లరంగుతోని గీసి ఉంటది. పానా తీస్కపోయేటోళ్లు తమ నంబరున్న ఇత్తడి బిళ్ల ఆ జాగల తగిలియ్యాలె. తిరిగిచ్చినంక బిళ్ల తీస్కోవాలె. పొద్దుమూకాల ఒక్క జాగ ఖాళీగున్నా ఎవ్వలు ఇంటికి పోవద్దు. గాలిమోటర్ల ఒక్క పానా మరిసిపోయినా పైన మనుషులు సస్తరని సార్లు రోజు చెప్పేటోళ్లు.

స్వరూప బిళ్ల పదిహేడు. కేతేపల్లిల గొర్లు కాసేటోళ్ల బిడ్డ. ఆ తరగతిల ఒక్కతే ఆడపిల్ల. అక్కా అక్కా అనుకుంట నా కిటికీ కాడనే ముచ్చట్లు.

ఒక దినం పదో నంబరు పానా తిరిగి తెచ్చి నా చేతుల వెట్టింది. ఎనుకాలనే ఇంజన్ల పాఠం చెప్పే సారు నిలబడి "ఇటియ్యి" అని గుంజుకపోయిండు. సార్లు బిళ్ల తగిలియ్యరు, అడిగే రివాజు లేదు. నేను ముచ్చట్ల పడి స్వరూప బిళ్ల తీసియ్యలే. గంట కొట్టిన్రు, ఆమె గూడ మరిసి ఉరికింది.

పొద్దుమూకి సూస్తే పదో నంబరు జాగ ఖాళీ. అండ్ల పదిహేడో బిళ్ల.

"నేనిచ్చిన సార్, అక్కనడుగున్రి" అన్నది స్వరూప. అందరు నా దిక్కు సూసిన్రు. సారు గూడ సూసిండు. నాకు కొలువు పెట్టిచ్చిందే ఆయన. "బిళ్ల ఎవలదైతే సామాను వాళ్లదే" అన్నడు. పొద్దంత ఒర్లే నా నోరు గప్పుడు లేవలే. "యాదికి లేదు సార్" అన్న.

తెల్లారి స్వరూప నాయిన గొంగడి భుజానేసుకొని వచ్చి ప్రిన్సిపాల్ అర్ర ముందల పగటాల దాంక నిలబడ్డడు. అయినా కాలేజీల ఆమె పేరు కొట్టేసిన్రు. దొంగ అన్న మాట ఆమె కంటె ముందుగాల ఊరికి చేరింది.

కొత్త పానా తెచ్చి దాని మీద కొత్త గుర్తు కొట్టిన్రు. పదిహేడో బిళ్ల నేనే సొరుగుల వెట్టి తాళమేసిన. తాళంచెవి నా మెడల తాడుకే ఉంటది.

నెల దాటింది. శనివారం పగటాల పిల్లలు తినవోయిన్రు. నేను అర్రకు లోపటికెల్లి గొళ్లెం వెట్టుకొని అన్నం డబ్బ ఇప్పిన. తలెత్తి సూస్తే పదో జాగల పానా లేదు. పదిహేడో బిళ్ల ఊగుతాంది. సొరుగు తాళం ఏసినట్టే ఉన్నది. తీస్తే లోపట బిళ్ల లేదు. పోరగాండ్ల పనే అనుకొని తిట్టుకుంట షెడ్డులకు వోయిన. ఒక్కడు లేడు. గప్పుడే ఆ సప్పుడు ఇనబడ్డది. మామను పిలిచిన.

"ఎలుకలయి ఉంటయ్ బిడ్డా" అన్నడు.

"ఎలుకలు పానాలు మోస్తయా మామా?"

ఇద్దరం నవ్వలే.

ఎనిమిదో మర గూడ వచ్చింది. మూత ఊడంగనే సప్పుడు ఆగింది. లోపట రెండు పానాలు, పక్కపక్కన పండవెట్టినట్టు. ఒకటి పాతది. సారే అండ్ల మరిసి మూసిండని తెలుస్తనే ఉన్నది. ఇంకోటి కొత్త గుర్తుది. ఆ మూతకు తీగ మెలేసి సీసం ముద్ర కొట్టింది సారే, స్వరూప మీద నింద పడ్డ దినమే. పుస్తకంల తారీఖు, సంతకం ఉన్నయ్. మల్ల ఎవ్వలు ఇప్పలే. ముద్ర నా చేతులతోనే తెంపిన, మామ సూసిండు. నెల కింద మూసిన జాగలకు, ఆ పొద్దుగాల నేను గోడకు తగిలిచ్చిన పానా ఎట్ల పోయింది?

సారు వచ్చి రెండు పానాలు కోటు జేబులేసుకున్నడు. "దొరికినయ్, అయిపోయింది. నోరు మూస్కో" అన్నడు. ఆ పిల్లకు కబురు పంపుదామని ఒక్కరు అనలే.

స్వరూప సచ్చిపోలే, దయ్యం అందామంటే. మంచిగనే బతికున్నది. మరి ఆ బిళ్ల తగిలిచ్చింది ఎవలు? ఎంత ఆలోచన చేసినా నాకు తెగలే, ఇప్పటికి తెగుతలేదు.

తెల్లారి మొదటి బస్సుకు కేతేపల్లి పోయిన. స్వరూప గొర్ల దొడ్డి ఊడుస్తాంది. నన్ను సూసి గూడ చీపురు ఆపలే. అంత చెప్పిన. "నిన్న గిట్ల కాలేజీకి వచ్చినవా?" అని అడిగిన.

"ఆ దిక్కు మొకం గూడ వెట్టలే" అన్నది. ఇంకింత దూరం ఊడ్చి, "గా దినం నీ నోరు ఏడవోయిందక్కా?" అన్నది.

నేను దొడ్లకెల్లి బయటికొచ్చిన.

బోరింగు కాడ ఆడోళ్లు బిందెలతోని వరుసల ఉన్నరు. ఆడికి వోయి, నేను ఫలానా అని పేరు చెప్పి, గట్టిగ చెప్పిన. స్వరూప ఏం తియ్యలే, పానా తిరిగి నా చేతికే ఇచ్చింది, సారు తీస్కపోయిండు, అబద్ధమాడింది నేను అని. ఎనుకాల ఉన్న ముసలామె "ఏందంటాంది?" అని పక్కామెనడిగింది.

మల్ల మొదటికెల్లి చెప్పిన.