అడ్డపొగకు కాపలా సీసా

భోగాపురం దిగువన సముద్రపు ఒడ్డు ఊళ్లో చేపలమ్మే మరిడమ్మ, నిప్పున్న కొసను నోట్లోకి పెట్టుకుని చుట్ట కాల్చేది. ఆ తీరపు ఆడవాళ్లకు ఈ అడ్డపొగ కొత్త కాదు. నెత్తిన తట్ట, దాన్ని పట్టుకున్న చేతులు, ఎదురుగా సముద్రపు గాలి. నిప్పు నోట్లో ఉంటే ఆరదు. సౌకర్యంగా మొదలైంది అలవాటై, అలవాటు హక్కుగా ముదిరింది.

ఉచిత దంతవైద్య శిబిరంలో ఒక డాక్టరమ్మ ఆమె అంగిలి మీద తెల్లమచ్చ చూసింది. చుట్ట మానితే తగ్గవచ్చునని, మానకపోతే క్యాన్సర్ కావచ్చునని చెప్పింది. మరిడమ్మ భయపడింది. అయితే ఆ భయంతో ఆమె వెతికింది మందును కాదు, మినహాయింపును.

అది తెచ్చినవాడు మేనల్లుడు గిరిబాబు. మనిషి కింద మనిషిని చేర్చే గొలుసు వ్యాపారంలో ఊదారంగు పళ్లరసం సీసాలు అమ్ముతుండేవాడు. జ్ఞానం ఒక్కొక్కరికి ఒక్కో దారిన వస్తుంది. అతనికి విజయనగరం హోటల్లో, కంపెనీ మీటింగు భోజనంతో కలిపి వడ్డించారు.

"అత్తా, పొగలో ఫ్రీ రాడికల్సని దొంగలుంతారు. ఒళ్లంతా కన్నాలేస్తారు. ఈ రసంలో యాంటీ ఆక్సిడెంట్లున్నాయి. ఆల్లు పోలీసులన్నమాట."

"అయితే సుట్ట మానక్కర్నేదేటి?"

"మానితే మంచిదేననుకో..."

"పోలీసుని ఎట్టుకున్నాక తలుపేసుకోడం దేనికిరా?"

గిరిబాబు కాదనలేకపోయాడు, కాదంటే సీసా కదలదు. నాటినుంచి చుట్టకు ముందు ఒక మూతెడు రసం తప్పలేదు. పోలీసు ఊరికే కూర్చోకూడదన్నట్టు చుట్టలు పెరిగాయి. ఎండకూ పురుగుకూ తట్టుకోవడానికి మొక్క తన కోసం చేసుకున్న పదార్థం, మనిషి వ్యసనానికి కాపలా కాస్తుందని నమ్మడం గొప్ప ఆశావాదమే. పొగాకు సైతం తన విషాన్ని పురుగుల కోసమే దాచుకుంది. అడిగి పుచ్చుకున్నది మనిషి.

కొన్నాళ్లకు నెత్తళ్ల చేపల పులుసు తగిలితే నోరు భగ్గుమంది. తాను వండింది తానే తినలేక మరిడమ్మ గంజికి దిగింది. మేనల్లుణ్ని వెంటబెట్టుకుని మళ్లీ డాక్టరమ్మ దగ్గరికి వెళ్లింది. మచ్చలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. ఇంకా క్యాన్సర్ కాలేదు, దారి మాత్రం అటే అని తేలింది.

సీసా సంగతి విని డాక్టరమ్మ అంది: "పళ్లూ ఆకుకూరలూ తినండి, మంచివే. కానీ పొగతాగేవాళ్లకు అలాంటి యాంటీ ఆక్సిడెంటే అయిన బీటా కెరోటిన్ మాత్రలిచ్చి చూస్తే, ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా పెరిగింది."

గిరిబాబు, "అవి ఏ కంపెనీవండి?" అని అడిగాడు.

ఆ ఆదివారం కల్యాణ మండపంలో రసం కంపెనీ మీటింగు. అడ్డపొగ కాల్చినా చెక్కుచెదరని మనిషిగా అత్తను వేదిక ఎక్కిస్తానని అతను పైవాళ్లకు ఎప్పుడో మాటిచ్చాడు. పరీక్ష ఫలితం ఆ మాటను మార్చలేకపోయింది. రమ్మంటే మరిడమ్మ కూడా వచ్చింది.

"రసం ఏటి సేసిందో సెప్పత్తా," అని మైకు అందించాడు.

ఆమె మైకు పక్కన పెట్టింది. తల వెనక్కి వాల్చి, అంగిలి మీది మచ్చ కనిపించేలా నోరు బార్లా తెరిచి, వేదిక అంచున ఈ కొస నుంచి ఆ కొసకు నడిచింది. ముందు వరుస కుర్చీలు వెనక్కి జరిగాయి.

తర్వాత రొంటిన దోపుకున్న చుట్టలు తీసి మేనల్లుడి చేతిలో, రసం సీసా పక్కనే పెట్టింది.

"నీ పోలీసు దొంగతోటే కాపరం సేస్తన్నాడురా గిరీ. ఇద్దర్నీ నువ్వే ఉంచుకో."