కాలవ మెరుపుకు కళ్లద్దాలు

మా అక్క భర్తకు గాలం వేయడమంటే ప్రాణం. చిలకలూరిపేట అవతల మిరప సాగు చేస్తాడు. తోటలో పనిలేని పూట సాగర్ కాలవ గట్టున కూర్చుంటాడు. పత్రికలో ఉద్యోగం చేసినన్నాళ్లూ సెలవు దొరికితే నేనూ ఆయన పక్కన చేరేవాణ్ణి. ఈమధ్య ఆయనకు చేపలు పడటం మానేశాయి. నీళ్ల మీద తేలే బెండు కళ్ల ముందే మునిగినా గాలం లాగడు.

"కాలవ మెరుస్తందిరా. ఏం కనపడి చావట్లేదు" అనేవాడు.

నీటి మెరుపును ఆపే పోలరైజ్డ్ కళ్లద్దాలు ఉంటాయని, గాలం వేసేవాళ్లకు అవే మంచివని చదివి చెప్పాను. మర్నాడు పొద్దున్నే గుంటూరు బస్సెక్కి మా ఇంటికి వచ్చేశాడు.

బ్రాడీపేటలో కళ్లద్దాల షాపుకు వెళ్లాం.

"డ్రైవింగ్‌కాండీ?" అని అడిగింది షాపావిడ.

"చేపలకమ్మా."

"చేపలక్కూడానా?"

"అవి బానే చూస్తన్నాయమ్మా, నన్ను చూసే పారిపోతన్నాయి. నాకే కావాలి."

ఆవిడ నవ్వి నాలుగైదు రకాలు ముందు పెట్టింది. మట్టినీళ్లకు గోధుమరంగు అద్దమైతే తేడా బాగా తెలుస్తుందంది. బావ అన్నిటికంటే నల్లవి తీసుకున్నాడు. ఆవిడ ఒక అట్ట చూపించింది. మామూలుగా చూస్తే ఉత్త నీలం రంగు. ఆ అద్దాల్లోంచి చూస్తే అందులో దాగిన చేప బొమ్మ బయటపడుతుంది.

"కనపడిందాండీ?"

"ఆఁ, కనపడింది. పెద్ద చేపే."

"ఎటు తిరిగి ఉంది?"

"చేపన్నాక ఎటైనా తిరుగుద్ది" అన్నాడు బావ.

ఆవిడ అద్దాలు పెట్టెలో పెట్టి ఇచ్చింది.

బయట టీ తాగుతూ అడిగాను. "నిజం చెప్పు బావా."

"కుడికన్ను ఎప్పుడో పోయింది. ఎడమది పోతంది. పురుగుమందు పడీ పడీ నల్లగుడ్డు చెడిందన్నారు డాక్టరు గారు. మీ అక్కకు చెప్పమాక."

మందు కొట్టేటప్పుడు మావైపు ముక్కుకూ మూతికీ తువ్వాలు చుట్టుకుంటారు. చెమట పడితే ఆ తువ్వాలుతోనే కళ్లు తుడుచుకుంటారు. మూతిని కాపాడిన గుడ్డే మందును కళ్లకు పూస్తుంది. మండితే మిరప ఘాటంటారు, కాసిని నీళ్లు చల్లుకుంటారు. కాయ పట్టని తోటలో ఘాటెక్కడిదని ఎవరూ అడగరు. మందు అమ్మినవాడు అడగడు. సాగు పేజీలో ఏ పురుగుకు ఏ మందో వారం వారం అచ్చువేసిన మా పత్రికా అడగలేదు.

ఆ ఆదివారం కాలవకు వెళ్లాం. బావ కొత్త అద్దాలు పెట్టుకుని గాలం వేశాడు. కాసేపటికి బెండు మునిగింది. ఆయన కదల్లేదు.

"లాగు బావా."

లాగాడు. మంచి జెల్ల. చేత్తో తడుముతూ కొక్కెం విడిపించి, చేపను మళ్లీ నీళ్లలోకి వదిలేశాడు.

"అదేంటి?"

"నువ్వు చూసి చెప్తే పడింది నాదెట్టా అవుద్దిరా."

గాలం కర్ర నా ఒళ్లో పెట్టి లేచాడు. పురుగు ఎక్కువగా ఉందని, పొద్దున్నే తోటకు మందు కొట్టాలని అన్నాడు.

"చూపు లేకుండా ఎట్టా కొడతావు?"

"సాళ్లు కాళ్లకు తెలుసులే" అని గట్టు దిగాడు.