శుక్రవారపు చీమలు

మా పై పోర్షన్‌లో అద్దెకున్న సార్ మా గడప ముందు బోర్లా పడుకుని చీమలను చూస్తున్నాడన్న వార్త నాకు మొదట తెచ్చింది పాలు పోసే అవ్వ. ముందు తలుపు దగ్గర ఆయన అడ్డంగా పడుకుని ఉండటంతో, ఆమె ఇంటి చుట్టూ తిరిగి వంటింటి తలుపు దగ్గరికి వచ్చింది. నేను దేవుడికి హారతి ఇస్తున్నాను.

"ఓ బిడ్డా, మీ కిరాయి సారుకు ఏమన్న అయ్యిందా? గడప కాడ పండుకొని చీమలకు చక్కెర పెడుతుండు. ఏందయ్యా అంటే, ఉష్, అవి పోతయ్ అంటడు. జర దవాఖానకన్న తీస్కపోరాదుండ్రి!"

హారతి మధ్యలో మాట్లాడకూడదు కదా. తర్వాత చెబుతానన్నట్టు ఖాళీ చెయ్యి గాలిలో తిప్పాను. "అవ్, నాకు గట్లనే అనిపించింది. తలకాయె తిరిగింది" అని ఆమె పాలు పోసి వెళ్లిపోయింది. నేను కళ్లకద్దుకుని బయటికి వచ్చేసరికి వీధి వీధంతా మా సారుకు దిష్టి తీయించమని చెప్పడానికి తయారుగా ఉంది.

అప్పట్లో హైదరాబాద్ మా ఇబ్రహీంపట్నం వైపు నడిచి వస్తోంది. సాగర్ రోడ్డుకు అటూ ఇటూ నిన్న కంది చేను ఉన్నచోట ఇవాళ రంగు జెండాలు, సున్నం కొట్టిన రాళ్లు. రాళ్లు లేనిచోట ఇంజనీరింగ్ కాలేజీ. బస్సు డిపో వెనక మా వీధిలో ప్రతి ఇంటి మీదా ఒక పోర్షన్ లేచింది, ప్రతి పోర్షన్‌లోకీ ఒక సారో మేడమో దిగారు.

నేను బడి గుమ్మం తొక్కలేదు. మా బాపు సాయంత్రం కాళ్లు కడుక్కుని వచ్చి, నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని భక్తి పుస్తకాలు చదివించేవాడు. అవి అయిపోయాక, కిరాణా పొట్లాలు విప్పి ఆ పేపర్ ముక్కలు చదివించేవాడు. ఆ కాలపు వార్తల్లో సగం ఎలా ముగిశాయో నాకు ఇప్పటికీ తెలియదు, ఆ మిగతా ముక్కలో ఎవరింటికో చింతపండు వెళ్లింది. చదువుకున్నవాళ్లు ఇంట్లో ఉంటే గుడి ఇంట్లో ఉన్నట్టే అనేవాడు బాపు. అందుకే పైకి ఇద్దరు పరిశోధకులు దిగినప్పుడు నేను దేవుడికి కొబ్బరికాయ కొట్టాను.

ఒకాయన కంప్యూటర్ సార్, కాలేజీలో పాఠం చెబుతూ డాక్టరేట్‌కు చదువుతున్నాడు. రెండో ఆయన న్యాయశాస్త్రంలో పరిశోధన చేసేవాడు. కోర్టు మెట్లు ఎక్కేవాడు కాకపోయినా మా అత్తమ్మ ఆయన్ని "వకీలు సాబ్" అనే పిలిచేది. ఆయన పరిశోధన చెరువు భూముల మీద. మా పెద్ద చెరువులో నీళ్లు తగ్గితే తేలే నేలను శిఖం అంటారు. నీళ్లున్నప్పుడు చెరువుది, ఎండినప్పుడు దున్నుకునేవాడిది. ప్లాట్లు వచ్చాక అది ఎవరిదన్నదే పెద్ద పేచీ. వకీలు సార్ చెరువు హద్దు ఎక్కడో తేల్చి ఒక అధ్యాయం రాసేవాడు. వాన పడేది. మళ్లీ మొదటి నుంచి రాసేవాడు.

వీళ్లకు తోడు ఆదివారాలు కంప్యూటర్ సార్ చిన్నాయన కూతురు యాచారం నుంచి వచ్చేది. ఆమె వ్యవసాయ యూనివర్సిటీలో పంట పురుగుల మీద పరిశోధన చేస్తోంది. మా వీధి ఆమెకు పురుగుల మేడం అని పేరు పెట్టింది. ఆమె వస్తే పిల్లలంతా అగ్గిపెట్టెల్లో బొద్దింకలు తెచ్చి చూపించేవాళ్లు. ఒక్కరినీ కసురుకోకుండా అన్నిటికీ పేరు చెప్పి పంపేది.

ఇక చీమల సంగతి. చీమలు తిండి దగ్గరికి దగ్గర దారి ఎలా కనిపెడతాయో చూసి, కంప్యూటర్‌కు కూడా అలాగే దారులు వెతకడం నేర్పాలని కంప్యూటర్ సార్ పని. కంప్యూటర్‌లో చీమలు బొమ్మలు కాబట్టి, నిజం చీమలను కూడా చూడమని వాళ్ల గైడ్ చెప్పాడట. పైన చీమలు లేవు. మా తులసి గద్దె పగులులో నల్ల చీమల పుట్ట ఉంది. దేవుని చీమలని అత్తమ్మ దాని జోలికి ఎవరినీ పోనిచ్చేది కాదు. సార్ అడిగితే మాత్రం, "చక్కెర పెడ్తనంటే ఎవరొద్దంటరు? పున్యం" అంది.

గడపకు లోపలి పక్క సాసర్‌లో చక్కెర పెట్టాడు. గద్దె నుంచి వాకిట్లోంచి గడప దాటి సాసర్, అది దగ్గర దారి. గోడ ఎక్కి కిటికీలోంచి దిగితే చుట్టు దారి. నల్ల చీమలు బుద్ధిమంతుల్లా గడప మీదుగా వరస కట్టాయి. సార్ మురిసిపోయాడు.

శుక్రవారం వచ్చింది. చీమలు గడప దగ్గర ఆగి, కాసేపు తచ్చాడి, గోడెక్కి కిటికీలోంచి వచ్చాయి. శనివారం, ఆదివారం కూడా అంతే. సోమవారం మధ్యాహ్నానికి మళ్లీ గడప మీద వరస. పై వారమూ ఇదే. ఆ పై వారమూ ఇదే.

"అక్కా, చీమలకు గూడ వారం తెలుస్తున్నదక్కా!" అన్నాడు నాతో. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. "నాలుగు దినాలు పని చేస్తయ్. మిగిలిన దినాలు కొత్త దారులు వెతుక్కుంటయ్. సాఫ్ట్‌వేరోళ్ల లెక్క!"

"మరి మాకు లేని సెలవు వాటికెట్ల దొరికెరా?" అంది అత్తమ్మ పొయ్యి దగ్గర నుంచి.

నేను మాత్రం దణ్ణం పెట్టుకున్నాను. దేవుని చీమలు మరి, శుక్రవారం తెలియకుండా ఉంటుందా?

గైడ్ కూడా పొంగిపోయాడట. చీమల వారం చక్రం అని కంప్యూటర్‌లో కొత్తగా రాసుకున్నాడు సార్. ఒక సోమవారం కాలేజీలో పెద్ద సార్ల ముందు అది చెప్పి చూపించాలి. అప్పుడు కాలేజీలన్నీ డాక్టరేట్ ఉన్నవాళ్లనే ఉంచుకుంటున్నాయి. ఈసారి గట్టెక్కకపోతే ఉద్యోగం ఉండదని ఆయనకు ముందే చెప్పేశారు. దాంతో అన్నం సహించక, మెట్ల మీద కూర్చుని తనలో తాను వల్లె వేసుకునేవాడు.

ఆ సోమవారానికి ముందు శుక్రవారం చీమలు గడప మీదుగా వచ్చాయి. నేరుగా, వరసగా, ఏమీ ఎరగనట్టు. శనివారమూ అంతే. ఆదివారం పొద్దుటికి సార్ ముఖం చూడలేకపోయాం.

"సెలవు రద్దయిందేమో" అంది అత్తమ్మ. ఆమె ఓదార్పు ఎప్పుడూ అలాగే ఉండేది.

పురుగుల మేడం వచ్చింది, చీమలను చూసింది, ఆరోగ్యంగా ఉన్నాయంది. అప్పుడు వకీలు సార్ తన చెరువు కాగితాలు పక్కన పెట్టి, వసారాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. "ఏదో ఒకటి మారింది. ఎవ్వరు కదలొద్దు. ఒక్కొక్కరినే అడుగుత" అన్నాడు. పాలవ్వను మొదట పిలిచాడు. ఆమె "నేను చక్కెర ముట్టలే, నా బర్రె మీద ఒట్టు" అని వెళ్లిపోయింది. తర్వాత అత్తమ్మ.

"పెద్దమ్మా, పోయిన శుక్రారం పొద్దున లేచి ఏం చేసినవ్? ఉన్నది ఉన్నట్టు చెప్పాలె."

"ఏం చేస్త? ముఖం కడుక్కున్న."

"ఈ శుక్రారం?"

"ఇగ ముఖం గూడ కడుక్కోవద్దా?"

"కడుక్కో. ఇంకేం చేసినవ్?"

"చాయ తాగిన. ఆ సారుకు గూడ పోసిన. చీమలు తప్పు దారి వచ్చినయని చాయ మీద అలిగిండు."

"పోయిన శుక్రారం చేసి, గీ శుక్రారం చెయ్యనిది ఏమన్న ఉన్నదా?"

అత్తమ్మకు కోపం వచ్చింది. "మైలల ఏం చేస్తరు వకీలు సాబ్? మా ఇంటిపేరు పాలోళ్ల ముసలాయన పోయి ఇంకా దినాలు గాలే. దీపం లేదు, ముగ్గు లేదు, గడపకు పసుపు లేదు. ఆ చీమలకు గూడ చెప్పు, మా ఇంట్ల మైల ఉన్నదని!"

గడప ఇవతల నిలబడి చాయ తాగుతున్న మేడం గ్లాసు కింద పెట్టింది. "గడపకు పసుపా? గిది పెయింట్ గాదా?"

మా గడపకు పసుపు రంగు పెయింటే. పైన ఎర్ర బొట్లు కూడా పెయింటే. ఇల్లు పైకి కట్టినప్పుడు అందరిలాగే మేమూ వేయించాం. అత్తమ్మ మాత్రం రంగు రంగే, పూజ పూజే అనేది. అందుకని శుక్రవారం శుక్రవారం నేను గడప కడిగి, ఆ పసుపు రంగు మీదే పసుపు రాసేదాన్ని. సోమవారం తడిగుడ్డతో తుడిచేదాన్ని. పసుపు మీద పసుపు, ఎవరికి కనబడుతుంది? పైగా గడప తొక్కకూడదు. అందరం కాలెత్తి దాటేవాళ్లమే, కిందికి చూసినవాళ్లెవరు? మేడం అయితే వచ్చిన ప్రతిసారీ వంగి గడపకు మొక్కి, ఆ చెయ్యి కళ్లకద్దుకుని మరీ లోపలికి వచ్చేది.

ఆమె ఇప్పుడు గడప ముందు చతికిలబడింది. "తమ్మీ, మా అమ్మ బెల్లం డబ్బ చుట్టు పసుపు పోస్తదిరా. చీమలు రావొద్దని. నేను పుట్టినప్పటి సంది చూస్తున్న."

"మరి ఇన్ని దినాలు చెప్పకపోతివి అక్కా!"

"నువ్వు చీమల గురించి అడిగినవ్. గడప గురించి అడిగినవా?"

సార్ నేల చూస్తూ, "ఇప్పుడేం చేయాలె? రాసింది రాసినట్టే రేపు చెప్పేస్త. చీమలొచ్చి సాక్ష్యం చెప్తయా?" అన్నాడు.

"చీమలు చెప్పవు" అన్నాడు వకీలు సార్. "నీ ముచ్చట ఇని ఇంకో సారు ఇంటికి పోయి చీమలను చూస్తడు. ఆయన భార్య గూడ గడపకు పసుపు రాస్తది. అప్పుడు నీ కొలువొక్కటే గాదు, నీ పేరు గూడ పోతది. ముందుగాల నిజమా కాదా చూద్దాం. అక్కా, జర పసుపు తెండ్రి."

"మైలల గడపకు పసుపా? నా పానం పోయినా పెట్టనియ్య" అంది అత్తమ్మ, గడపకు అడ్డంగా కూర్చుంటూ.

సోమవారం రేపే. మైల తీరడానికి ఇంకా రోజులున్నాయి. నేను పసుపు డబ్బా పట్టుకుని నిలబడిపోయాను. ఇటు ఒక మనిషి బతుకు, అటు మా ఇంటి ఆచారం. రెండూ దేవుడివే. వకీలు సార్ మాత్రం కుర్చీ అత్తమ్మ దగ్గరికి జరుపుకున్నాడు.

"పెద్దమ్మా, మైలల పప్పు వండుతున్నరా?"

"వండక? ఉపాసముంటమా?"

"పప్పుల పసుపు వేస్తున్నరా?"

"వేస్తం. అది కూర. పూజ గాదు."

"అయితే పసుపు డబ్బ వంటింట్లకెళ్లి బయటికి పోతుంటే చెయ్యి జారి వాకిట్ల పడ్డదనుకో. గడప మీద గాదు, గడప ముంగట. అది పూజ అయితదా?"

అత్తమ్మ చాలాసేపు ఆలోచించింది. "పడితే పడ్డట్టు" అంది చివరికి. "గని కావాలని పడేస్తె దేవునికి తెలుస్తది."

"దేవునికి నేను జవాబు చెప్పుకుంట" అని ఆయన నా చేతిలోంచి డబ్బా తీసుకున్నాడు. వాకిట్లోకి నడిచి, అంత చదువుకున్న మనిషి, రాయి లేనిచోట కాలు తట్టుకున్నట్టు తూలాడు. పసుపు ఈ గోడ నుంచి ఆ గోడ దాకా తిన్నగా గీత గీసినట్టు పడింది. అంత తిన్నగా పడటం నేనెప్పుడూ చూడలేదు.

"అయ్యో, పడ్డది" అన్నాడు.

"చూస్తనే ఉన్న" అంది అత్తమ్మ.

మేమందరం బోర్లా పడుకున్నాం. అత్తమ్మ కూడా వంగింది. ముందున్న చీమ గీత దగ్గరికి వచ్చి ఆగింది. మీసాలు ఆడించింది. వెనక్కి తిరిగింది. వెనకవి దాన్ని గుద్దుకున్నాయి. ఒక గడబిడ. కాసేపటికి ఒకటి గోడెక్కింది, దాని వెనక ఇంకొకటి. ఆదివారం సంతకు వెళ్లి అటుగా వస్తున్న పాలవ్వ మమ్మల్నందరినీ చూసి, "అందరికీ అంటిందా!" అని నోరు నొక్కుకుంది.

సోమవారం సార్ వెళ్లాడు. మైల కాబట్టి నేను దీపం పెట్టలేదు, మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను. సాయంత్రం బస్సు దిగి వచ్చాడు. వకీలు సార్ మెట్ల మీదే కాచుకుని ఉన్నాడు.

"ఏమాయె?"

"మొత్తం చెప్పిన. గడప ముచ్చట గూడ చెప్పిన. ఎవ్వరు నవ్వలే. ఆఖరికి పెద్ద సారు ఒక్కడే, మా ఇంట్ల గూడ పెయింటే గదయ్యా, అన్నడు. ఇగ ఎవ్వరు నవ్వు ఆపలే. రాసింది పనికిరాదన్నరు, ఇంకో మోఖా ఇచ్చిండ్రు. కొలువు అప్పటి దాక ఉంటది."

"చీమలు పాస్ అయినయా?" అంది అత్తమ్మ.

"చీమలు పాసే పెద్దమ్మా. నేనే తప్పిన."

మళ్లీ మొదలుపెట్టాడు. వారం చక్రం తీసేశాడు. దారిలో ఒక అడ్డం వచ్చి, మెల్లగా చెరిగిపోతే, దారి ఎలా వంగుతుంది, మళ్లీ ఎలా తిన్నగవుతుంది అని రాశాడు. దానికే డాక్టరేట్ వచ్చింది. కొలువు నిలిచింది. భగవంతుడి దయ.

అట్ట వేయించిన పుస్తకం మా ఇంటికి తెచ్చాడు. అత్తమ్మ దానికి పసుపు కుంకుమ పెట్టి దేవుడి దగ్గర పెట్టింది. తర్వాత నేను తీసి చూశాను. లోపలిది ఇంగ్లీషు, నాకు అందలేదు. మొదటి పేజీ మాత్రం సారే చదివి వినిపించాడు. గైడ్‌కు, కాలేజీకి, పురుగుల మేడంకు, నాకు, అత్తమ్మకు, చివర తులసి గద్దెలోని నల్ల చీమలకు కూడా కృతజ్ఞతలు. నాకు కళ్లు చెమర్చాయి. తర్వాత అడిగాను, "వకీలు సార్ పేరేది తమ్మీ?"

ఆయన పేజీ అటూ ఇటూ తిప్పాడు. నెత్తి కొట్టుకున్నాడు. అప్పటికే అన్ని ప్రతులూ అట్ట వేయించి పంపించేశాడు.

వకీలు సార్ ఆ సంగతి విని పగలబడి నవ్వాడు. "చీమల పేరున్నది గదక్కా, సాలు. అవి కష్టపడ్డయ్. నేను ఉత్తగ కాలు జారిన" అన్నాడు. ఆ తర్వాత ఆయన జల్‌పల్లి చెరువు హద్దు చూడటానికని అటు మకాం మార్చాడు. ఆ ఏడు వానలు బాగా పడ్డాయని విన్నాను. ఆయన పుస్తకం పూర్తయిందని మాత్రం ఎవరూ చెప్పలేదు.

అచ్చైన పుస్తకంలో దిద్దడం నా చేతిలో లేదు. ఇది నా చేతిలో ఉంది కాబట్టి రాస్తున్నాను. చదివే తల్లులారా, అయ్యలారా, మీరు గడపకు పసుపు రాసేటప్పుడు గానీ, కాలెత్తి దాటేటప్పుడు గానీ, ఇంకొకరి బతుకు నిలబెట్టడానికి మా వాకిట్లో కావాలని తూలిన ఆ వకీలు సార్‌ను ఒక్కసారి తలుచుకోండి.