రాయి సంగతి చెప్పిందెవరు

మా అత్త, అంటే నాన్నకు చెల్లెలు, భర్త పోయినప్పటి నుంచి డోన్‌లో మా ఇంట్లోనే ఉంటోంది. ఇంట్లో ఎవరికి అవసరమొచ్చినా ముందు కుదువకు పోయేవి ఆమె గాజులే. ఆమె కాదనేది కాదు, మేమూ మొహమాటపడేవాళ్ళం కాదు.

తొలకరి పడిందంటే మాత్రం ఆమెను ఇంట్లో నిలపడం ఎవరితరమూ కాదు. పత్తికొండ దిక్కు ఎర్రచేలల్లో వానకు వజ్రాలు పైకి తేలతాయని ఎక్కడెక్కడి జనమో వచ్చి వెతుకుతారు. ఈమె కూడా సద్ది కట్టుకుని బస్సెక్కేది. ‘ఎండకు మాడి చావడానికా?’ అని కసిరితే నవ్వి ఊరుకునేది. ఏమీ దొరకలేదనే చెప్పేది. నమ్మాం.

కిందటేడు ఒక మధ్యాహ్నం కాలేజీలో పాఠం చెప్పి త్వరగా ఇంటికొచ్చాను. అత్త గది తలుపు వేసి ఉంది. లోపల మగగొంతు. ఫోన్ స్పీకర్లో ఎవడో గదమాయిస్తున్నాడు.

"ఇన్‌కమ్ ట్యాక్స్ ఆఫీసు నుంచి మాట్లాడుతున్నాం. మీరు దాచిన ఆదాయం సంగతంతా మాకు తెలుసు. ఫోన్ పెట్టేస్తే అరెస్టే."

"రాయి సంగతా సార్?" అంది అత్త.

"రాయా? ఆ... ఆ, రాయి సంగతే," అన్నాడు వాడు.

నాకు ఒళ్ళు మండింది. ఈమె నోరు జారేదాకా వాడికి రాయీ తెలియదు, రప్పా తెలియదు. ఆ మాటకొస్తే నాకూ తెలియదు. తలుపు బాదాను. లోపల వాడు గొంతు తగ్గించి ఇంకేదో చెబుతున్నాడు, చాలాసేపటికి తీసింది. చంకలో సంచి, సంచిలో బ్యాంకు డిపాజిట్ కాగితాలు, చేతిలో ఫోన్. ఫోన్‌ను కొంగులో అదిమిపట్టి గుసగుసగా అంది:

"చేన్లో దొరికిన రాయి అమ్మిన దుడ్లు పాపా. నా పేరున చిన్న ఇల్లు కొందామని పెట్టుకున్యా. సర్కారు ఖాతాలో ఏస్తే తనికీ చేసి సాయంత్రానికి మళ్లీ ఇస్తారంట. బ్యాంకుకు పోతాండా. అడ్డం రావద్దు, ఇంట్లో చెప్పద్దు."

ఆమెకంటే ముందే పోయి వీధి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. నన్ను ఎత్తుకుని పెంచిన మనిషి, రెండు చేతులతో నన్ను తోసింది.

"పక్కన ఎవరున్నారు?" అన్నాడు వాడు.

"ఎవురూ లేరు సార్."

ఫోన్ లాక్కుంటే నేనే ఆమెను జైలుకు పంపుతున్నానని నమ్మేస్తుంది. మళ్ళీ చాటుగా వాడికే చేస్తుంది. అందుకని కోపం మింగి, ఆమె చెవిలో అన్నాను: "అత్తా, ఆ రాయి ఎవరికి అమ్మావో వాణ్ణే చెప్పమను."

అత్త నా ముఖంలోకి చూసింది. తర్వాత ఫోన్ పైకెత్తింది. "సార్, కొన్న యాపారి ఏ ఊరాయనో మీకు తెల్సుంటాది గదా?"

"ప్రశ్నలు అడగాల్సింది మేము! మీరే చెప్పండి."

"అన్నీ తెల్సంటిరి గదా సార్."

"పోలీసు జీపు బయల్దేరింది. ఇక మీ ఖర్మ!"

ఆమె చేయి వీధి తలుపు గడియ మీదికి పోయింది. ఇక అయిపోయిందనుకున్నాను. కానీ గడియ తీయకుండా, మెల్లగా అడిగింది: "మా ఇల్లు యాడుండాదో చెప్పు సార్, జీపుకు ఎదురొచ్చి నిలబడతా."

వాడు పచ్చి బూతు తిట్టాడు. అత్త తనే ఫోన్ కట్ చేసింది.

అది మళ్ళీ మళ్ళీ మోగుతూనే ఉంది. మోగినప్పుడల్లా ఇద్దరం ఉలిక్కిపడ్డాం. చివరికి ఆపేసి, నా ఫోన్లోంచి సైబర్ పోలీసులకు ఫిర్యాదు చేశాను. తర్వాత ఆమెకు మంచినీళ్ళిచ్చి చెప్పాను: నిజమైన నోటీసుకు నంబరుంటుంది, దాన్ని పన్నుల శాఖ వెబ్‌సైట్లో చూసుకోవచ్చు. ఏ ఆఫీసరూ ఫోన్లో బెదిరించి డబ్బు పంపమనడు, ఎవరికీ చెప్పొద్దనడు. రాయి డబ్బుకు కట్టాల్సిన పన్నేదైనా ఉంటే ఆడిటర్ దగ్గరికి నేనే తీసుకుపోతాను.

తలూపింది. నా కోపం మాత్రం తగ్గలేదు. "జైలంటే అంత భయమైతే నాకొక్క ఫోన్ చేయొచ్చు కదా!" అని అరిచాను.

"జైలుకు బయపడ్లేదు పాపా," అంది గ్లాసు కింద పెడుతూ. "దుడ్లు పంపకుంటే రాయి సంగతి మీ ఇంట్లోవాళ్ళకు చెప్తా అన్న్యాడు. దానికి బయపడినా."