గంగాబాయి నవ్విచ్చుడు

బీడీలు చుట్టుడు ఎవలకైనా వస్తది. ఏడ్చే మనిషిని నవ్విచ్చుడు రాదు. మా బాన్సువాడల ఆ పని వచ్చినది ఒక్క గంగాబాయే. ఆమెను మేమెవ్వలం లెక్కచెయ్యలే. నేనైతే అసలే చెయ్యలే.

మా గల్లీ ఆడోళ్లం చాటలు ఒళ్లె పెట్టుకొని మా అరుగు మీదనే చుట్టేది. గంగాబాయి నోరు ఊకుండేది కాదు. కార్ఖానల మంచి బీడీలు పాస్ చేసి, నచ్చనియి అవతల పారేసే మునీమ్ ఉండె. గంగాబాయి ఆయన నడక నడిచేది, ఆయన దగ్గు దగ్గేది. పెనిమిటి చచ్చిన యాడాదే ఆమెకు రొమ్ముల గడ్డ లేసింది. హైదరాబాద్ దవాఖానల ఒక దిక్కు కోసేసిండ్రు. అరుగు మీదికి మళ్లొచ్చిన పొద్దే మొదలుపెట్టింది:

"డాక్టరు గుడ మన మునీమ్ లెక్కనే ఉన్నడే. రెండు చూసిండు. ఒకటి పాస్ చేసిండు, ఒకటి అవతల పారేసిండు."

అందరు పడి పడి నవ్విండ్రు. నాకు మండింది. "సిగ్గు శరం లేదా? ఇంకోసారి మా అరుగెక్కకు" అన్న. ఎక్కలే. నాలుగేండ్లు ఎక్కలే.

2003ల మా కోడలు ప్రేమలకు గట్లనే గడ్డ లేసింది. ఆపరేషన్ చెయ్యాలె, ఆలస్యమైతే పానం దక్కదని నిజామాబాద్‌ల డాక్టరు చెప్పిండు. అది పోనంటే పోను అన్నది. నా కొడుకు కృష్ణ బతిమాలిండు. నేను తిట్టిన, ఏడ్చిన. గోడ దిక్కు తిరిగి పండుకున్నది, పిల్లలను గుడ చూడలే. పది రోజులైంది.

ఇగ నేనే గంగాబాయి ఇంటికి పోయిన.

"ఏందక్కా, తొవ్వ తప్పినవా?"

"ప్రేమల దవాఖానకు పోతలేదు. జర వచ్చి మాట్లాడు."

"సిగ్గు శరం తీస్కొని రావాల్నా, ఇంటికాడ పెట్టి రావాల్నా?"

"నీ ఇష్టం. రా."

వచ్చింది. నీతులు చెప్తదనుకున్న, చెప్పలే. ప్రేమల చాట ముంగటేసుకొని బీడీలు చుట్టవట్టింది. మొదలు మునీమ్ దగ్గు దగ్గింది. ప్రేమల కదల్లే. ఇంకొకరైతే గొంతు పెంచుదురు. ఆమె పెంచలే. నాలుగు బీడీలకు దారం చుట్టింది. అప్పుడు మెల్లగ, తనకు తాను చెప్పుకున్నట్టు అన్నది:

"ఆపరేషన్ అయినంక జాకెట్ల బట్ట ఉండ పెట్టుకున్న. కోటగిరి తొవ్వల ఆటో గుంతల పడ్డది. ఉండ జారి నడుం కాడికొచ్చింది. పక్కన ముసలాయన చూసి, 'బిడ్డా, నడుం కాడ కణితి లేసినట్టుంది, డాక్టర్‌కు చూపెట్టుకో' అన్నడు. చూపెట్టుకున్నంకనే గిట్లయింది తాతా, అన్న."

గోడ దిక్కున్న వీపు ఊగింది. నవ్వు. ఆ నవ్వులకెల్లే ఏడుపు. అయిపోయినంక ప్రేమల ఇటు తిరిగింది.

"గంగక్కా, నొప్పి ఉంటదా?"

"మస్తుంటది. చెయ్యి లేపరాదు. నవ్వితే కుట్లు గుంజుతయి. అయినా నవ్విన."

మేమందరం ఏం నొప్పి ఉండదని అబద్ధం చెప్పినోళ్లమే.

తెల్లారి నిజామాబాద్ బస్సు కాడ నేను సంచి పట్టుకొని ముందల నిలబడ్డ. "అత్తా, నువ్వు పిల్లలకాడ ఉండు. గంగక్క వస్తది" అన్నది కోడలు. సంచి గంగాబాయి చేతికిచ్చిన.

ప్రేమల బతికింది. డాక్టరు చెయ్యి మంచిదన్నరు, దేవుని దయ అన్నరు. గంగాబాయి పేరు ఎవ్వలు తియ్యలే. డాక్టరు కోసిండు, కాదనను. ఆ ఆపరేషన్ బల్ల దాకా నడిపిచ్చింది గంగాబాయి. నాతోని కాలే.