ముందు చక్రాల కొలత

పోయినవి ముందు లెక్కేస్తాను. ముందు చక్రాల ఆర్మ్‌లు రెండు, షాక్ అబ్జార్బర్ ఒకటి, పిన్నులు నాలుగు, జగిత్యాలలో ఆదివారాలు తొమ్మిది. వస్తువులన్నీ ఒక్క గుద్దుకే పోయాయి. ఆదివారాలు నేను చేజేతులా పోగొట్టుకున్నవి.

నేను సిరిసిల్లలో పవర్‌లూమ్‌లు బిగిస్తాను. చదువు పదితో ఆగింది. కొలతలు సొంతంగా నేర్చుకున్నవే. నాకంటే ఆరేళ్లు చిన్నవాడైన ఒక స్నేహితుడున్నాడు, ఊరు కోరుట్ల. దుబాయిలో ఏసీ మెకానిక్. రిమోట్‌తో నడిచే రేసు కార్లు, ఒకే రకానివి రెండు తెచ్చి, ఒకటి నాకిచ్చాడు. అతను సెలవు మీద వచ్చినప్పుడల్లా ఆదివారాలు ఇద్దరం జగిత్యాల చేరి, ఊరి బయట ప్లాట్లు చేసి వదిలేసిన జాగాలో పందెం వేసుకునేవాళ్లం.

"గీ వయసుల గిదేం పిచ్చి సార్లూ, పిల్లలది గుంజుకొచ్చిండ్రా?" అని అక్కడ గొర్లు కాసే ఒకాయన నవ్వేవాడు.

అతను దుబాయి వెళ్లాక, ఒక్కడినే నడుపుతుంటే నా కారు హద్దురాయికి గుద్దుకుంది. ముందు చక్రాన్ని బండికి పట్టి ఉంచే అడ్డ ముక్కను ఆర్మ్ అంటారు. రెండు పక్కలవీ విరిగాయి. ఫోనులో చెబితే, వారానికి ఉన్న ఒక్క సెలవూ దుకాణాల చుట్టూ తిరిగి కొత్త జత కొన్నాడు. ఊరికి వస్తున్న వాళ్లతో పంపాడు.

బిగించి, ముందు ఇరుసు నుంచి వెనక ఇరుసు దాకా కొలిచాను. నోటుబుక్కులో రాసుకున్నదానికంటే రెండు పక్కలా మూడు మిల్లీమీటర్లు తక్కువ. మలుపులో టైరు బాడీకి రాసుకుంటోంది. వెంటనే ఫోన్ చేశాను.

"తమ్మీ, నిన్ను మంచిగ ముంచిండ్రు. డూప్లికేట్ మాల్ గది."

"ఒరిజినలే అన్నా. నా కండ్ల ముంగటనే ప్యాకెట్ తీసిండు. ఇంకోపారి కొల్వు."

"ముప్పై ఏండ్ల సంది కొలుస్తున్న, నాకు నేర్పుతవా? అగ్గువకు దొరికిందని తీస్కున్నట్టున్నవు."



"సరే అన్నా. మల్ల కొలిచి తేడా ఎంతొచ్చిందో చెప్పు. గప్పటిదాంక నేను ఫోన్ చెయ్య."

నేను కొలవలేదు. తర్వాత అతను సెలవుకు వచ్చాడని తెలిసింది. తొమ్మిది ఆదివారాలు కోరుట్లలోనే ఉన్నాడు. నేను సిరిసిల్ల దాటలేదు.

అతను తిరిగి వెళ్లిన వారం, పాత ముక్కలు తీశాను. ఏ పక్కవి ఆ పక్కగా విడిగా కట్టి పెట్టుకున్నవే. గమ్‌తో అతికించి కొత్తవాటితో పోల్చాను. ఎడమ పక్క పాతది, కుడి పక్క నేను బిగించిన కొత్తదానికి రంధ్రం రంధ్రం సరిపోయింది. మగ్గం పనిలో మేము ఎదురుగా నిలబడతాం; మా ఎడమే మగ్గానికి ఎడమ. కారుకు అలా కాదు, నడిపేవాడి ఎడమే ఎడమ. ఆర్మ్‌ల మీద ఎల్, ఆర్ అని అచ్చు స్పష్టంగానే ఉంది. నేను కారు ముక్కు నావైపు తిప్పుకుని, మగ్గానికి బిగించినట్టు ఎడమది కుడికీ, కుడిది ఎడమకీ బిగించాను.

మార్చి బిగించి రెండుసార్లు కొలిచాను.

ఇప్పుడు కారు తిన్నగా పోతుంది. అప్పుడప్పుడు ఒక్కడినే జగిత్యాల వెళ్తాను. పక్కన రెండో కారు లేకపోతే నాది వేగంగా పోతోందో లేదో తెలియదు. ఫోనులో అతని నంబరు దాకా వెళ్లి ఆగిపోతాను. అతను అడిగిన తేడా ఇంకా చెప్పలేదు. అది సున్నా.